కార్డుకో కాలేయం

ఒక రోగానికి రెండు మందులు ఇవ్వడం వృథా అని మా జిల్లాలో మొట్టమొదట గ్రహించినవారు గరుడాద్రి గారు. అంతవరకు డాక్టర్లకు కూడా ఆ సంగతి తెలియదు. ఆయన డాక్టరు కాకపోవడం వల్లే అది సాధ్యమైందని ఆయన్ను ఎరిగినవాళ్ళు అంటారు. ఆరోగ్యశాఖకు రాకముందు ఆయన భవనాలశాఖలో ఉండేవారు. అక్కడ ఒక కార్యాలయం మేడకు రెండు వైపులా మెట్లు ఉండడం గమనించారు. ఎక్కడానికైనా దిగడానికైనా ఒకవైపు మెట్లు చాలునని తేల్చి, రెండోవైపువి పడగొట్టించి, పతకం అందుకున్నారు. అలాంటి చూపున్న మనిషిని ఒకే శాఖలో ఉంచడం మిగతా శాఖలకు అన్యాయమని పైవాళ్ళు భావించారు. అలా ఆయన జిల్లా ఔషధ పునరుక్తి నివారణ సంఘానికి అధ్యక్షులై వచ్చారు.

ఆయన రావడమూ, మా ఇంట్లో ఇద్దరికి హెపటైటిస్ సి ఉందని బయటపడడమూ ఒకే నెలలో జరిగాయి.

ఆ ఇద్దరూ మా అత్తగారు మాణిక్యాంబ, మావారి మేనత్త శేషారత్నం. మేనత్తగారిని నేను పిన్నిగారు అంటాను. భర్త పోయాక ఆవిడ అన్నగారింటికి వచ్చేశారు. అన్నగారు పోయాక వదినగారితో ఉండిపోయారు. నేను కాపురానికి వచ్చింది మొదలు ఆ ఇద్దరూ దేనికో ఒకదానికి పోటీ పడని రోజు లేదు. కొన్నేళ్ళ కిందట అత్తగారు మోకాళ్ళ నొప్పులకని వీధి చివర ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయించుకున్నారు. "ఆవిడొక్కదానికేనా మోకాళ్ళున్నది?" అంటూ పిన్నిగారు అదే బల్ల మీద పక్కన కూర్చున్నారు. ఆ ఆర్‌ఎంపీ కూడా గరుడాద్రి గారి కోవలోనివాడే. ఇంతమందికి ఇన్ని సూదులెందుకు అనుకునే రకం. అంతకుముందు అదే సూది ఎవరికి గుచ్చాడో అతనికే గుర్తుండి ఉండదు. ఆ నెలలో ఊళ్ళో రక్తపరీక్షల శిబిరం పెట్టినప్పుడు అత్తగారు చెయ్యి చాపితే పిన్నిగారూ చాపారు. ఫలితాల్లో మాత్రం పోటీ తేలలేదు. ఇద్దరికీ ఉంది.

పెద్దాసుపత్రిలో కాలేయం డాక్టరు విదుల. చిన్నపిల్ల, ఓపిక గలది.

"కంగారు పడకండమ్మా. ఇది పూర్తిగా పోయే జబ్బే" అంది. "ఈ వైరస్ మీ కాలేయంలో కార్ఖానా పెట్టుకుంది. ముందు పొడుగాటి ప్రొటీను ఒకటి తయారుచేసి ముక్కలుగా కోసుకుంటుంది. తర్వాత తనకి నకళ్ళు తీసుకుంటుంది. ఆ సరుకంతా కూర్చి కొత్త వైరస్‌లు కడుతుంది. కోత ఆపే మందులు ఒక తరగతి, వాటి పేర్ల చివర ప్రెవిర్ అని ఉంటుంది. నకళ్ళు ఆపేవి ఇంకో తరగతి, చివర బువిర్. కూర్పు చెడగొట్టేవి మూడో తరగతి, చివర అస్విర్. మీ ఇద్దరికీ బువిర్ ఒకటి, అస్విర్ ఒకటి. రోజూ రెండు మాత్రలు కలిపి, మూడు నెలలు."

"రెండిట్లో ఒకటే వేసుకుంటే?" అని అడిగాను.

"వైరస్ దాన్ని తప్పించుకోవడం నేర్చేసుకుంటుందండి. ఆ తర్వాత ఆ మందుకి లొంగదు. రెండూ ఒకేసారి పడాలి."

అత్తగారు తలాడించారు. "తెలిసిందమ్మా. మా ఇంటికొచ్చే పిల్లి లాంటిదన్నమాట. వంటింటి తలుపేస్తే పెరటి తలుపులోంచి వస్తుంది."

"పెరటి తలుపు వెయ్యడం మర్చిపోయేదెవరో కూడా చెప్పు వదినా, డాక్టరమ్మ వింటుంది" అన్నారు పిన్నిగారు.

మందుల కిటికీ దగ్గర మాత్రం మాకు తలా ఒక్కటే ఇస్తామన్నారు.

"రెండోది పునరుక్తండి" అన్నాడు లోపలి మనిషి. "కొత్త రూలు. రోగి ఒకరు, రోగం ఒకటి, మందు ఒకటి. ఏది కావాలో మీరే చెప్పండి. బువిర్ బిళ్ళ కాస్త పెద్దదండి. ఎక్కువమంది అదే అడుగుతున్నారు."

విదుల ఆ మధ్యాహ్నమే సంఘం ముందుకు వెళ్ళింది. రోగుల తరఫున ఎవరైనా ఉంటే మంచిదని నన్నూ తీసుకువెళ్ళింది. గరుడాద్రి గారు తెల్లటి చొక్కాలో, ఎదురుగా గ్లాసు మీద మూత పెట్టుకుని కూర్చున్నారు. మమ్మల్ని చాలా మర్యాదగా చూశారు.

"డాక్టరమ్మా, నేను సైన్సుకి వ్యతిరేకిని కాను. మా పెద్దవాడిది సైన్సు గ్రూపే. ఇప్పుడు చెప్పండి. వైరస్ ఒకటా, రెండా?"

"ఒకటేనండి."

"మందులు?"

"రెండు."

"మరి రెండో మందుకి వైరస్ ఏదమ్మా?"

పక్కనున్న సభ్యులు ఆ ప్రశ్న రాసుకున్నారు. విదుల ఓపిగ్గా మళ్ళీ మొదటినుంచి చెప్పింది. కార్ఖానా, కోత, నకళ్ళు, కూర్పు అన్నీ చెప్పింది. రెండు మందులూ కలిస్తేనే పని జరుగుతుందని ముగించింది.

"కలవాలి. అంతేగా?" అన్నారు గరుడాద్రి గారు. "ఎక్కడ కలవాలి?"

"ఒంట్లో సార్."

"ఒళ్ళు అన్న మాటకి మా నిబంధనల్లో నిర్వచనం లేదు. మా పథకంలో లబ్ధిదారు అంటే మనిషి కాదు, కార్డు. కార్డు అంటే కుటుంబం. ఒకే కార్డులో ఇద్దరు రోగులుంటే ఒకరికి బువిర్, ఒకరికి అస్విర్ ఇద్దాం. రెండు తరగతులూ ఆ కార్డులో చక్కగా కలుస్తాయి. మీ సైన్సూ నెగ్గింది, మా నిబంధనా నెగ్గింది. ప్రభుత్వ దృష్టిలో కార్డుకి కాలేయం ఒక్కటే."

నేను ఉండబట్టలేక లేచాను. "అయ్యా, మా అత్తగారు మింగిన మాత్ర పిన్నిగారి కాలేయంలోకి ఎలా వెళ్తుందండీ?"

ఆయన చిన్నగా నవ్వారు. "అమ్మా, మీరు కార్డు మీద బియ్యం తెచ్చుకుంటారు. ఎవరి బియ్యం వారికి వేరే వేరే గిన్నెల్లో వండుతున్నారా?"

"లేదండి. ఒకే గిన్నెలో."

"అదీ!" అని ఆయన సభ్యుల వైపు తిరిగారు. సభ్యులు అది కూడా రాసుకున్నారు.

వారం తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. "ఒకే కార్డునందలి ఇరువురు రోగులును, తమకు కేటాయింపబడిన భిన్న తరగతుల ఔషధములను, ఏక గృహమునందు, ఏక కాలమున, ఏక పంక్తియందు ఆసీనులై సేవింపవలెను. పంక్తి భంగమైనచో ఔషధములు కలియవు" అని అందులో ఉంది. పంక్తి చూసిపోవడానికి తాతబ్బాయి అనే క్షేత్ర పరిశీలకుణ్ణి వేశారు. అతను బండి మీద ఇల్లిల్లూ తిరిగేవాడు.

మా ఇంట్లో వచ్చిన ఇబ్బంది ఆ పంక్తి దగ్గరే. వంకాయ కూరలో అల్లం వెయ్యాలా వద్దా అన్న విషయమై మాటామాటా వచ్చి ఆ ఇద్దరూ పక్కపక్కన కూర్చుని తినడం ఎప్పుడో మానేశారు. ఒకరు తిని లేచాక ఒకరు తింటారు.

"కాస్త దగ్గరగా జరగండమ్మా" అన్నాడు తాతబ్బాయి. "మధ్యలో ఇంత జాగా ఉంటే మందు ఎలా కలుస్తాదండీ? మా సారు చూస్తే నన్నంటారు."

"నేను జరగను. కావాలంటే ఆవిణ్ణి జరగమను" అన్నారు అత్తగారు.

"నేనెందుకు జరుగుతాను? ముందొచ్చి కూర్చున్నది నేను" అన్నారు పిన్నిగారు.

చివరికి తాతబ్బాయే ఇద్దరి మధ్యా ఒక పీట వేసి, అది కూడా పంక్తిలో భాగమేనని రాసుకుని వెళ్ళాడు.

మా పని నయం. ఇంట్లో ఇద్దరు రోగులున్నారు. చాలా ఇళ్ళలో ఒక్కరే ఉన్నారు. వాళ్ళ కార్డులో మందులు కలవడానికి వీల్లేదు కాబట్టి, ఆ లోటు తీర్చడానికి సంఘంవారు పరిషత్తు హాల్లో జతకూర్పు మేళా పెట్టారు. విదుల పిలిస్తే నేనూ వెళ్ళాను. హాలంతా పెళ్ళిచూపుల గోలలా ఉంది.

"మాది బువిరండీ, అస్విర్ వాళ్ళెవరైనా ఉన్నారా?"

"మా అబ్బాయికి చూస్తున్నామండి. అస్విరే. కాకపోతే కాలవకి ఇవతల వాళ్ళయితే బాగుంటుంది."

"నీసు తినేవాళ్ళయినా పరవాలేదండి. గురక ఉండకూడదు."

జత కుదిరినవాళ్ళని ఒకే కార్డులోకి ఎక్కించారు. ఏక గృహం నిబంధన ఉంది కాబట్టి ఒకరు రెండోవారింటికి చేరాలి. మా వీధి దర్జీ ముసలయ్యకి పేపరుమిల్లులో పనిచేసి రిటైరైన అప్పలాచారి గారు జత కుదిరారు. ఆయన మంచంతో సహా దిగారు. "కాలేయం సంగతి దేవుడెరుగు, పొద్దున్నే నాలుగుసార్లు కాఫీ అడుగుతున్నాడు" అని ముసలయ్య భార్య నా దగ్గర వాపోయింది.

ఈలోగా విదుల మా ఇంటికి వచ్చింది. ఆసుపత్రిలో చెప్పలేని మాట చెప్పడానికి వచ్చింది.

"చెరో మందూ వేసుకుంటే ఇద్దరికీ నయం కాదు. పైగా ఆ మందులు ముందుముందు పనిచెయ్యకుండా పోతాయి. ఇప్పటికింకా మొదలుపెట్టలేదు కదా?"

తాతబ్బాయి ఎదుట నోట్లో వేసుకున్నట్టు చేసి, ఇద్దరూ మాత్రలు దాచి ఉంచారు. నేనే అలా చెయ్యమన్నాను.

"మంచిపని చేశారు. మీ ఇంటికి వస్తున్నది ఒక మనిషికి సరిపడా మందు. ఒకరు రెండూ వేసుకోండి. ఒకరైనా బాగుపడతారు. రెండోవారికి ఎలాగోలా తర్వాత చూద్దాం. శేషారత్నం గారి కాలేయంలో మచ్చలు కాస్త ఎక్కువున్నాయి. ఇంకా ఆలస్యం చేస్తే గట్టిపడుతుంది. నన్నడిగితే..." అని ఆగిపోయింది.

మావారు తల్లి వైపు చూడలేక గోడ గడియారం వైపు చూశారు.

"ఆవిడ బిళ్ళ నాకొద్దు" అన్నారు పిన్నిగారు. "ఇవాళ బిళ్ళిచ్చి, బతికినన్నాళ్ళూ దెప్పుతుంది."

అత్తగారు డాక్టరు వైపు తిరిగారు. "దానికే ఇవ్వండమ్మా. దాని కాలేయం ముందు పాడైతే, అది నాకంటే ముందు పైకెళ్ళి మా ఆయన దగ్గర కూర్చుంటుంది. అన్నకి నా మీద చాడీలన్నీ ఎక్కించేస్తుంది. నేను వెళ్ళేసరికి ఆయన మొహం తిప్పేసుకుంటారు. నేనది పడలేను."

"చాడీలెందుకు వదినా, ఉన్నది చెప్తే చాలదూ" అన్నారు పిన్నిగారు.

ఆ మర్నాటి నుంచి మూడు నెలలపాటు అత్తగారు తాతబ్బాయి ఎదుట గ్లాసెత్తి గటగటా నీళ్ళు తాగేవారు. మాత్ర పిడికిట్లో ఉండేది. అతని బండి చప్పుడు సందు మలుపు తిరిగాక అది పిన్నిగారి చేతిలోకి వెళ్ళేది. "మింగు. పారేశావంటే ఊరుకోను" అని దగ్గరుండి మింగించేవారు.

మందు ఆపి, ఆగాల్సినన్నాళ్ళు ఆగి, పరీక్ష చేశారు. పిన్నిగారి రక్తంలో వైరస్ జాడ లేదు. అత్తగారి వైరస్ హాయిగా ఉంది. జిల్లాలో మిగతా జంటల్లో ఎవరికీ నయం కాలేదు. అప్పలాచారి గారి వైరస్ అస్విర్‌కి అలవాటు పడిపోయిందని విదుల చెప్పింది. ముసలయ్య కళ్ళు పచ్చబడ్డాయి.

సంఘంవారు ఫలితాలు చూసి చాలా ఉత్సాహపడ్డారు. పరిషత్తు హాల్లోనే సభ పెట్టారు. పిన్నిగారిని వేదిక ఎక్కించి శాలువా కప్పారు.

"ఈ విధానంలో భాగంగా బువిర్ మాత్రమే సేవించిన శ్రీమతి శేషారత్నం గారికి సంపూర్ణ స్వస్థత చేకూరింది" అన్నారు గరుడాద్రి గారు. "అస్విర్ సేవించిన ఆమె వదినగారికి వైరస్ యథాతథంగా ఉంది. మిగిలిన కార్డుల ఫలితాలు ఆశాజనకంగా లేనందున వాటిని పరిశీలనలోకి తీసుకోలేదు. ఇందువల్ల తేలిందేమిటి? రెండో మందు పునరుక్తి అని మనం మొదటే అనుకున్నది నిజమని తేలింది. రేపటి నుంచి అస్విర్ కొనుగోలు నిలిపివేస్తున్నాం. శ్రీమతి మాణిక్యాంబ గారికి కూడా ఇకపై బువిర్ ఒక్కటే ఇస్తాం."

హాలు చప్పట్లతో మోగింది. విదుల గోడకి ఆనుకుని నిలబడింది. ఒక జంట మీద పరిశోధన ఏమిటని లేఖ రాసినందుకు ఆమెకి ఆ ఉదయమే సంజాయిషీ నోటీసు వచ్చింది. మా ఇంట్లో ఇచ్చిపుచ్చుకున్న ఒక చిన్న మాత్ర జిల్లాలో అందరి మందూ ఊడగొట్టబోతోందని నాకు అప్పుడు అర్థమైంది.

పిన్నిగారికి మైకు ఇచ్చారు. ఆవిడ మైకు ఎప్పుడూ పట్టుకోలేదు. దాన్ని గరిటెలా పట్టుకున్నారు.

"బాబూ, మీరేదో పొరబడ్డారు. నేను రెండూ మింగాను. మా వదిన బిళ్ళ కూడా నేనే మింగాను. మీరిచ్చిన ఒక్కదానితో నయమవలేదు. రెండిటితో అయింది. ఇప్పుడు మా వదినకి కూడా రెండూ ఇప్పించండి. ఒకటిచ్చి ఆవిణ్ణి..."

"మైకులో నా సంగతెందుకే నీకు! కూర్చో!" అని అత్తగారు మూడో వరసలోంచి అరిచారు.

మైకు ఆగిపోయింది. తాతబ్బాయి మెల్లగా వేదిక ఎక్కి, పిన్నిగారి భుజాల మీది శాలువా తీసి, మడతపెట్టి, పట్టుకుపోయాడు. "ఏమనుకోకండమ్మా, పైవాళ్ళ మాట" అన్నాడు.

నాలుగు రోజుల్లో నోటీసు వచ్చింది. "తమ కార్డునందలి వేరొక సభ్యురాలి వాటాకు చెందిన ఔషధమును సేవించి, తద్వారా పొందిన స్వస్థతను తాము అక్రమముగా అనుభవించుచున్నారు. సదరు స్వస్థతలో అర్ధభాగమును వెంటనే తిరిగి జమ చేయవలెను" అని ఉంది.

పిన్నిగారు మంచి జరీ చీర కట్టుకుని విచారణకు బయల్దేరారు. పక్కన అత్తగారు, వెనక నేను. గరుడాద్రి గారి పక్కన ఈసారి లెక్కల అధికారి కూడా ఉన్నారు. సన్నగా, కళ్ళజోడు ముక్కు చివరకు జారి, ఎప్పుడూ లెక్క తేలనట్టే ఉంటారు.

"సగం స్వస్థత జమ చెయ్యాలి" అన్నారు గరుడాద్రి గారు.

"ఏ సగం బాబూ? కుడివైపా, ఎడంవైపా?" అన్నారు పిన్నిగారు. "కాలేయం కుడివైపుంటుందట. అది కావాలంటే మిగతాదంతా నా దగ్గర ఉంచెయ్యండి."

"ఇది హాస్యానికి చోటు కాదు."

"నేనూ హాస్యమాడ్డం లేదు. నా వల్ల కానిది అడిగితే ఎలా తెచ్చివ్వను?"

లెక్కల అధికారి గొంతు సవరించుకున్నారు. "సార్, స్వస్థతని వస్తు రూపంలో రాబట్టడం కష్టం. రద్దు చేసెయ్యడం సులువు. ఆవిడకి నయమైనట్టు మన దగ్గర నమోదైంది. ఆ నమోదు కొట్టేస్తే ఆవిడ పూర్వస్థితికి వస్తారు. అంటే రోగి. మనకి రావలసింది వచ్చేసినట్టే."

గరుడాద్రి గారు కళ్ళు మూసుకుని ఆలోచించారు. "సగం అనే కదా నోటీసులో ఉన్నది?"

"సగం రోగికి మన దగ్గర కాలమ్ లేదు సార్."

"అయితే పూర్తిగా రద్దు చెయ్యండి. ఆవిడకి నయం కాలేదు కాబట్టి, ఆవిడకి నయమైందన్న ఆధారం మీద మేం చేసిన సిఫారసు కూడా నిలవదు. అస్విర్ కొనుగోలు కొనసాగించాల్సి వస్తుంది. పాత ఉత్తర్వే అమల్లో ఉంటుంది." ఆ తర్కం ఆయనకి బాధ కలిగించింది. కానీ ఆయన తర్కాన్ని ఎప్పుడూ మధ్యలో వదిలినవారు కారు. "శేషారత్నం గారూ, ఈ రోజు నుంచి మీరు రోగి. వెళ్ళవచ్చు."

పిన్నిగారు లేచారు. అత్తగారు లేవలేదు.

"అది రోగిష్టిదైతే దాని బిళ్ళలేవీ?" అన్నారు.

"ఏమిటమ్మా?"

"పాత ఉత్తర్వేనన్నారుగా. కార్డులో ఇద్దరం రోగులం. దానికొకటి, నాకొకటి. రెండూ ఒకే ఇంట్లో కలవాలి. మీరే చెప్పారు. మళ్ళీ మూడు నెలలకి సరిపడా ఇప్పించండి. లేకపోతే దాని జబ్బు ముదిరితే మీ పూచీయా?"

గరుడాద్రి గారు లెక్కల అధికారి వైపు చూశారు. లెక్కల అధికారి కళ్ళజోడు పైకి తోసుకుని, "నిబంధన ప్రకారం ఇవ్వకుండా ఉండడానికి లేదు సార్" అన్నారు.

మాత్రలిచ్చారు. కాకపోతే ఒక షరతు పెట్టారు. ఒకసారి స్వస్థతను దారి మళ్ళించిన కుటుంబం కాబట్టి, మళ్ళీ ఆ అపచారం జరగకుండా తాతబ్బాయి రోజూ వచ్చి, శేషారత్నం గారు నిజంగా రోగిగానే ఉన్నారా లేదా పరిశీలించి రాయాలి.

ఇక్కడే చిక్కొచ్చింది. పిన్నిగారికి కాలేయం బాగుపడ్డాక ఆకలి పెరిగింది. బుగ్గలొచ్చాయి. పంక్తిలో కూర్చుని రెండోసారి పప్పు వడ్డించమన్నారు. తాతబ్బాయి గుమ్మంలో నిలబడి అనుమానంగా చూశాడు.

"రోగి రోగిలా లేరేంటండీ?"

అత్తగారు మోచేత్తో పొడిచారు. "మూలగవే."

పిన్నిగారు మూలిగారు.

"ఇంకాస్త. అలా తలుపు కిర్రుమన్నట్టు కాదు. నొప్పెట్టినట్టు."

పిన్నిగారు ఎడమచేత్తో డొక్క పట్టుకుని, కళ్ళు పైకి తేలేసి, ఇల్లు అదిరేలా మూలిగారు. కుడిచెయ్యి మాత్రం పిడికిలి బిగించే ఉంది.

తాతబ్బాయి తృప్తిగా తలూపి, కలం తీసి, పైకి చదువుకుంటూ రాశాడు. "శ్రీమతి శేషారత్నం గారి ఆరోగ్యము క్షీణించినది. స్వస్థత పూర్తిగా వసూలైనది."

బండి చప్పుడు సందు మలుపు తిరిగింది. పిన్నిగారు పిడికిలి విప్పి వదినగారి ముందు చాపారు. అత్తగారు ఆ మాత్రా, తన మాత్రా కలిపి ఒక్క గుక్కలో మింగి, మూతి తుడుచుకున్నారు.

"ఏం మూలుగే అది. నాటకంలా ఉంది. రేపు కాస్త శ్రద్ధగా మూలుగు" అని, మధ్యలో ఉన్న పీట పక్కకి నెట్టి, పిన్నిగారి విస్తట్లో ఇంత నెయ్యి వేశారు.